రెండో బ్రేకు

నాకు ముక్కు మీదే కోపం. మా కుట్టు దుకాణానికి వచ్చేవాళ్లంతా ఈ మాట అంటారు, కాకపోతే కుట్టిన బట్టలు చేతికి అందాకే అంటారు. మా ఆయనకు అసలు కోపమే రాదు. డ్రైవింగ్ నేర్పే మనిషికి కోపం వస్తే రోజు గడవదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఒకరు ఆయన్ని తీసుకెళ్లి గోడకు గుద్దబోతూ ఉంటారు. ఆయన పక్క సీట్లో కూర్చుని “ఏం ఫర్వాలేదు, క్లచ్ మెల్లగా వదలండి” అంటూ ఉంటారు.

ఆ కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తొక్కకపోతే ఆయన తొక్కుతారు. నేనూ ఆ కారులోనే నేర్చుకున్నాను. నేర్చుకున్నాననడమే గాని, మలుపు వస్తోందని నేను అనుకునేలోపే ఆయన కాలు పడిపోయేది. ఒకరోజు నడిరోడ్డు మీద కారు ఆపేసి, “బండి నడుపుతున్నది నేనా, మీరా? నా కాళ్లు దేనికి, అలంకారానికా?” అని దులిపేశాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు. “అలవాటండీ” అని మాత్రం అన్నారు. నాకు లైసెన్సు వచ్చింది, కొన్నాళ్లకు మా ఇద్దరికీ పెళ్లి కూడా అయింది. ఇది నాకు రెండో పెళ్లి. మా అబ్బాయి నాన్న, వాడు ఒకటో తరగతిలో ఉండగానే జబ్బు చేసి పోయారు.

మా అబ్బాయికి ఇప్పుడు పదేళ్లు. అందరూ వాడిని లాయరు అంటారు. పుట్టుకతోనే వాదన. స్నానం చెయ్యరా అంటే నిన్న చేసినది ఇవాళ్టికి ఎందుకు పనికిరాదో రుజువు చెయ్యమంటాడు. వాడితో వాదించలేక నేను కుట్టు మిషను సూది కిందికి గుడ్డ బదులు వేలు పెట్టుకున్న రోజులున్నాయి.

అలాంటి పిల్లాడు మా ఆయనతో మాత్రం వాదించడు. ఎదురు చెప్పడు, అలగడు, మొండికెయ్యడు. పిలవడు కూడా. నాన్న అనడు, అంకుల్ అనడు. ఆయనతో పనిబడితే ఆయన కనపడే చోట నిలబడి దగ్గుతాడు. “అమ్మ భోజనానికి రమ్మంటోంది” అని తలుపుకు చెబుతాడు. ఆయన ఏం చెప్పినా “సరే” అంటాడు. బంధువుల పిల్లాడు సెలవులకు వచ్చి ఎంత ఒద్దికగా ఉంటాడో అంత ఒద్దికగా వాడు సొంత ఇంట్లో ఉండేవాడు. చూసేవాళ్లు ఎంత బుద్ధిమంతుడో అనేవారు. నాకేమో ఆ మెప్పు నచ్చేది కాదు. వాడు ఆయనతో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, గట్టిగా వాదిస్తే చాలని ఉండేది. ఏ తల్లీ ఇలాంటి కోరిక కోరుకుని ఉండదు.

బాలుర బృందంలో వాడిని చేర్పించింది అందుకే. ఆదివారం పొద్దున మా వీధి చివర బడి హాల్లో పిల్లలు చేరతారు. ఆటలుంటాయి, ముళ్లు వెయ్యడం, కట్లు కట్టడం, చెక్క పని లాంటివి నేర్పుతారు. వీటన్నిటి ద్వారా ఒక్కో విడతలో ఒక్కో మంచి గుణం అలవాటు చేస్తారు. ఒక విడతకు నిజం చెప్పడం, ఇంకో విడతకు చిన్నవాళ్లను చూసుకోవడం, అలా. విడత పూర్తయితే చొక్కాకు పెట్టుకునే బిళ్ల ఇస్తారు. పిల్లాడు ఒక్కడే వస్తే కుదరదు, ఇంటి నుంచి పెద్దవాళ్లు ఒకరు తోడు రావాలి. వీడికి తోడుగా నేను వెళ్లొచ్చు. ఆదివారం దుకాణంలో పని ఎక్కువని అబద్ధమాడి మా ఆయన్ని పంపాను. నిజం చెప్పడం నేర్పే చోటికి అబద్ధమాడి పంపిన ఘనత నాదే.

బృందాన్ని నడిపేది ఒక పళ్ల డాక్టరు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, గట్టిగా మాట్లాడడు. అయినా ఆయన ముందు ఏ పిల్లాడూ అబద్ధం చెప్పడు. మిఠాయి తిన్నావా అని అడిగి, జవాబు కోసం నోట్లోకి చూసే మనిషితో ఎవరు బొంకగలరు? పిల్లలు ఆయన్ని డాక్టరన్న అంటారు. ఆయన మాకు, అంటే తల్లిదండ్రులకు కూడా పని చెబుతాడు. వినడం అనే విడతలో, రోజూ కాసేపు పిల్లాడు చెప్పేది మధ్యలో అడ్డు రాకుండా వినమన్నాడు. నా వల్ల అయ్యే పనేనా? చివరికి నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని కూర్చుని విన్నాను. వాడు బడిలో ఒక్కడే కూర్చుని తింటాడని నాకు అప్పుడే తెలిసింది. సూదులు లేకపోతే ఎందుకు, ఏమిటి అని ఊపిరాడకుండా అడిగి వాడి నోరు మూయించేదాన్ని. ఆ రోజు నుంచి డాక్టరు మీద నాకు గురి కుదిరింది.

ఆ తరవాతి విడత నమ్మకం. దానికి బండ్ల పందెం పెట్టారు. ఇంజను లేని చెక్క బండి. పిల్లాడు తన చేతులతో చెయ్యాలి. పెద్దవాళ్లు నోటితో చెప్పొచ్చు, చెయ్యి వెయ్యకూడదు. ఆఖరి రోజు బడి ముందున్న వాలు వీధిలో ఆ బండి మీద ఇద్దరూ కిందికి దిగాలి. ముందు పిల్లాడు, వెనక పెద్దవాళ్లు. బండిని తిప్పే తాడు పిల్లాడి చేతిలో. బండికి ఒకే బ్రేకు, అదీ పిల్లాడి చేతిలోనే. పెద్దవాళ్ల చేతులు మోకాళ్ల మీద ఉండాలి. ఇదంతా డాక్టరు హాల్లో చెబుతుంటే నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. బేకరీ నడిపే తాత లేచి, “మరి మేం చేసేదేంటి?” అని అడిగాడు. “కూర్చోవడం” అన్నాడు డాక్టరు. తండ్రులందరూ నవ్వారు గాని, ఆ నవ్వులో అంత హుషారు లేదు.

బండి మా పెరట్లో తయారైంది. మా ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, వాడి పక్కన నిలబడి చెప్పేవారు. “ఆ మేకు కొంచెం పక్కకి, చిన్నా.” “సరే.” “చెక్క చీలుతుందేమో, ముందు చిన్న కన్నం పెట్టుకో.” “సరే.” వంటింటి కిటికీలోంచి ఈ సరేలు వింటూ నేను పళ్లు నూరుకునేదాన్ని. ఒకసారి పెద్ద చక్రాలు వెనక ఉంటే బాగుంటుందని ఆయన అన్నారు. వాడు నోరు తెరిచాడు. కనుబొమలు ముడిపడ్డాయి. నాతో వాదనకు దిగేముందు వాడి మొహం అచ్చం అలాగే ఉంటుంది. చేతిలో గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయాను. వాడు ఆయన వైపు చూశాడు, చక్రాల వైపు చూశాడు, నోరు మూసుకుని “సరే” అన్నాడు. ఆ కోపం నేను పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి ఇంట్లో అందరి మీదా తీర్చుకున్నాను.

అయినా బండి బాగా కుదిరింది. ఒకటి మాత్రం చెప్పాలి. ఆయన నిజంగానే ఒక్క మేకు మీద కూడా చెయ్యి వెయ్యలేదు. వాడు వేలి మీద సుత్తితో కొట్టుకున్నప్పుడు కూడా ఆయన జేబుల్లో పిడికిళ్లు బిగుసుకోవడం నాకు కనిపించింది గాని, చేతులు బయటికి రాలేదు. ఆ వారాల్లో మా పెరట్లో మాటలు తక్కువే, మనుషులు మాత్రం ఒకరి పక్కన ఒకరు ఉన్నారు. నేను ఆశపడ్డాను.

పందెం రోజు పొద్దున వాడు స్నానానికి వెళ్లాడు. కూర్చోవడానికి నేను కుట్టిన దిండు బండికి కడదామని పెరట్లోకి వెళితే, మా ఆయన నేల మీద పడుకుని బండి కిందికి దూరి ఉన్నారు.

“ఏం చేస్తున్నారు?”

ఆయన ఉలిక్కిపడి తల కొట్టుకున్నారు. బయటికి వచ్చాక చూస్తే, వెనక సీటు ముందు కాలు పెట్టే చోట చిన్న ఇనుప పెడలు. దాన్నుంచి ఒక తీగ వెనక ఎడమ చక్రం దాకా వెళ్లింది. నేను నేర్చుకున్న కారు పాతబడి మార్చినప్పుడు ఆయన తీసి దాచిన పెడలది. నాకు చూడగానే తెలిసింది, ఎన్నిసార్లు తిట్టుకున్నానో దాన్ని.

“ఊరికే ఉంటుందంతే” అన్నారు. “తొక్కను.”

“తొక్కనప్పుడు ఎందుకు?”

“నిన్న ఆ వీధిలో నడిచి చూసొచ్చాను. మలుపు దగ్గర వాలు చాలా ఎక్కువ. వాడికేమైనా అయితే నీకు మొహం ఎలా చూపించను? వాడు నా పిల్లాడైతే వేరు. నువ్వు నాకు అప్పజెప్పిన పిల్లాడు.”

ఈ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. జాలేసింది. పైగా ఆ వాలు నేనూ చూశాను. దిండు కట్టి, దాని గుడ్డ అంచు ఆ పెడలు మీద పడేలా కిందికి లాగాను. ఆయన నా వైపు చూశారు, నేను చూడనట్టు నటించాను. ఆ విషయంలో నేనూ తక్కువ తినలేదు.

బడి ముందు వీధికి అటూ ఇటూ జనం. వీధి మధ్యలో పొడుగునా సుద్దగీత గీశారు, గీతకు అటొక బండి ఇటొక బండి దిగుతాయి. మలుపు దగ్గర పాత టైర్లు పేర్చారు. ఆ టైర్ల వెనక మిగతా తల్లులతో పాటు నేను నిలబడ్డాను. మా వాళ్లకు జోడీగా వచ్చింది బేకరీ తాత, ఆయన మనవడు. మనవడిని అందరూ బన్ను అంటారు, చూస్తే మీరూ అలాగే అంటారు.

డాక్టరు చెయ్యి దించాడు. రెండు బళ్లూ కదిలాయి. మొదట మెల్లగా, తరవాత గడగడా చప్పుడు చేస్తూ వచ్చేశాయి. మా వాడు ముందుకు వంగి, తాడు రెండు చేతులా పట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి ఉన్నాడు. లెక్కలు చేసేటప్పుడు అలాగే పెడతాడు. వాడి మొహంలో భయం లేదు. మలుపు దగ్గర పడుతోంది. వాడు బ్రేకు పట్టలేదు, ఒంటిని పక్కకు వాల్చి తాడు లాగాడు. ముందు చక్రాలు చక్కగా మలుపు వైపు తిరిగాయి. రోజంతా గుడ్డ మీద వంపులు కత్తిరించేదాన్ని, ఏ వంపు కుదురుతుందో ఏది కుదరదో నాకు చూస్తే తెలుస్తుంది. ఆ వంపు కుదిరింది.

అప్పుడు ఆయన వైపు చూశాను. చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. మొహం మాత్రం కారులో నా పక్కన కూర్చున్నప్పటి మొహం. వద్దండీ అని అరవబోయాను. దిండు గుడ్డ కింద కాలు కదిలింది.

పెడలు ఒక్క చక్రానికే కట్టి ఉందని చెప్పాను కదా. ఆ చక్రం ఆగిపోయింది, మిగతావి ఆగలేదు. ఊళ్లో సగం మందికి బండి నడపడం నేర్పిన మనిషి కంగారులో ఆ సంగతే చూసుకోలేదు. బండి గిర్రున ఎడమకు తిరిగి, సుద్దగీత దాటి, బేకరీ తాత బండిని గుద్దింది. వాళ్ల ముందు చక్రం ఊడి వీధి వెంబడి తన దారిన తను పోయింది. నలుగురూ టైర్ల మీద పడ్డారు.

ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. తాత మోచెయ్యి గీరుకుంది. ఆయన కళ్లద్దాలు దొరికాయి, పగల్లేదు. కాని బన్ను ఏడుపు ఆపలేదు. వాళ్లే ముందున్నారు మరి. తాత లేస్తూనే మా వాడి మీద పడ్డాడు.

“కళ్లు ఎక్కడ పెట్టుకున్నావురా? అంత జోరు దేనికి? వెనక పెద్దాయన కూర్చుని ఉన్నాడన్న జ్ఞానమైనా ఉండొద్దా? వీడి చేతిలో తాడు పెట్టడమే తప్పు!”

అందరూ మా వాడినే చూశారు. లాయరు అని పేరున్న పిల్లాడు తలవంచుకుని నిలబడ్డాడు. మా ఆయన నోరు తెరిచారు గాని మాట బయటికి రాలేదు. “తాతగారూ, చెయ్యి చూపించండి” అంటూ ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. ఊడిన చక్రం తేవడానికి వీధి కిందికి పరిగెత్తారు. నేను కళ్లతోనే చంపేస్తున్నాను ఆయన్ని. చెప్పరేం, ఇప్పుడు చెప్పరేం అని.

మా వాడు బండిని ఒక్కడే లేపి హాలు వైపు లాక్కెళ్లాడు. లాగేముందు వంగి, చెదిరిన దిండు గుడ్డను కిందికి లాగి సరిగ్గా సర్దాడు. బండి పాడైపోయాక దిండు ముస్తాబు దేనికా అనుకున్నాను. అంతకు మించి నాకు తట్టలేదు.

పందాలన్నీ అయ్యాక అందరూ హాల్లో గుండ్రంగా కూర్చోవాలి. దీన్ని వలయం అంటారు, డాక్టరుకు ఇలాంటి బరువైన మాటలంటే ఇష్టం. పిల్లలు, వాళ్ల పక్కన పెద్దవాళ్లు, గోడ వెంబడి మాలాంటి వాళ్లం. ఒక్కొక్కరూ ఆ రోజు తాను చేసింది ఒకటి చెప్పాలి. ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలి, పక్కవాడు ఏం చేశాడో చెప్పకూడదు. చెప్పింది మార్చుకోవాలనిపిస్తే వలయం ముగిసేలోపు మార్చుకోవచ్చు. ఇవే నియమాలు. ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలన్న నియమం ఉంటే, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇళ్లలో ఎన్ని గొడవలు తగ్గేవో.

బన్ను వంతు వచ్చింది. “నేను ఏడ్చాను” అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. తాత గొంతు సవరించుకుని, “నేను పిల్లాడి మీద అరిచాను” అన్నాడు. అరవడం తప్పని మాత్రం అనలేదు. తరవాత మా వాడు.

వాడు లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

“మలుపు దగ్గర నాకు భయమేసింది” అన్నాడు. “బ్రేకు గట్టిగా పట్టేశాను. అందుకే బండి తిరిగిపోయింది. తప్పు నాది.”

వాడు బ్రేకు పట్టలేదు, నేను చూశాను. భయమంతకన్నా లేదు. తోటి పిల్లలందరి ముందు, రేపు బడిలో వీడికి భయమేసిందంట్రా అని నవ్వేవాళ్ల ముందు, వాడు ఆ మాట అన్నాడు. ఎవరి కోసమన్నాడో నాకు అర్థమైంది. ఏడాదిగా ఒక్క పిలుపుకు నోచుకోని మనిషిని కాపాడటానికి నా కొడుకు నిజం చెప్పాల్సిన చోట నిలబడి అబద్ధం చెప్పాడు. నాకు వాడిని వాటేసుకోవాలనీ ఉంది, రెండు తగిలించాలనీ ఉంది.

ఇప్పుడు మా ఆయన వంతు. ఆయన నిజం చెబితే వాడు అందరి ముందు అబద్ధాలకోరవుతాడు. పైగా వాడు మొట్టమొదటిసారి ఇచ్చింది ఆయన తోసేసినట్టవుతుంది. చెప్పకపోతే భయస్తుడన్న పేరు వాడికి ఉండిపోతుంది, పెద్దవాళ్లు ఇలాగే బతుకుతారని వాడు నేర్చుకుంటాడు. ఏం చెయ్యాలో నన్నడిగితే నేను చెప్పగలిగేదాన్ని కాదు. నాకు తెలియని విషయం ఒకటుందని ఒప్పుకోవడం నాకు చాలా అరుదు.

ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. వాడి వైపు చూడలేదు.

“నా సంగతి నేను చెబుతాను” అన్నారు. “ఇవాళ పొద్దున మా బండికి రెండో బ్రేకు పెట్టాను. నా కాలి దగ్గర. ఎవరికీ చెప్పలేదు. మలుపులో అది తొక్కాను. తొక్కాల్సిన పని లేదు, బండి సరిగ్గానే వెళ్తోంది. భయమేసింది నాకు.”

ఆయన తాత వైపు తిరిగి, “మిమ్మల్ని పడేసింది నేను. ఆ తిట్లు కూడా నావే. అప్పుడే చెప్పి ఉండాల్సింది, నోరు రాలేదు” అని కూర్చున్నారు.

దిండు గుడ్డ లాగింది నేనని చెప్పడానికి నేను వలయంలో లేను. అయినా గోడ దగ్గర నిలబడే, “ఆ బ్రేకు కనపడకుండా కప్పింది నేను” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. డాక్టరు నా వైపు చూసి తలూపాడు. మిగిలిన వాళ్ల వంతులు నడిచాయి. ఒక పిల్లాడు చీమను తొక్కానన్నాడు, ఇంకొకడు అన్నయ్య నీళ్లు తాగేశానన్నాడు. ఆఖరికి డాక్టరు ఎప్పటిలాగే అడిగాడు.

“తన మాట మార్చుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

మా వాడు నేల వైపు చూస్తూ కూర్చునే అన్నాడు.

“నాకు భయమెయ్యలేదు.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. బేకరీ తాత మాత్రం ఆపుకోకుండా నవ్వేసి, “వెయ్యలేదురా, నాకు కనిపిస్తూనే ఉంది. ఆ నాలుకొకటి!” అన్నాడు. ఆ విడత బిళ్ల మా వాళ్లకు రాలేదు. రెండో బ్రేకు ఉన్న బండికి బిళ్ల ఎలా ఇస్తారు? డాక్టరు ఆ మాట మెత్తగానే చెప్పాడు, వచ్చే విడతలో మళ్లీ రమ్మన్నాడు. మా ఆయన సరేనన్నారు.

ఇంటికి వచ్చేదాకా కారులో మాటల్లేవు. నేను మాట్లాడితే అరుస్తానని నాకు తెలుసు గనక మాట్లాడలేదు. వాడు చేసిన మంచిని ఆయన నిజం చెప్పి పాడుచేశారని వాడు అనుకుంటున్నాడేమోనని నాకు ఒకటే దిగులు. ఇక దగ్గడం కూడా మానేస్తాడేమో. ఇన్నాళ్లూ కాస్తో కూస్తో కూడబెట్టుకున్నది మలుపు దగ్గరే ఒలికిపోయిందనిపించింది.

సాయంత్రం ఎండ ఇంకా ఉంది. మా ఆయన పెరట్లో బండిని పక్కకు ఒరిగించి, పానా తీసుకుని ఆ పెడలు విప్పడం మొదలుపెట్టారు. నేను కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతున్నాను, అంటే నీళ్లు వదిలేసి నిలబడ్డాను. వాడు గుమ్మంలోంచి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. దగ్గలేదు.

“తీసెయ్యొద్దు” అన్నాడు.

ఆయన తలెత్తారు. “ఏం?”

“నాకు తెలుసు అది ఉందని. పొద్దున్నే చూశాను. నా చెప్పు బండి కిందికి పోతే వంగాను, అప్పుడు కనపడింది.”

ఆయన చేతిలో పానా ఆగిపోయింది. నా చేతిలో గిన్నె కూడా.

“చూసి మరి చెప్పలేదేం, చిన్నా?”

“తొక్కరనుకున్నా.”

ఆయన నేల మీదే కూర్చుండిపోయారు. మొహం చూడలేకపోయాను. అన్ని నెలల సరేలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. వాడు ఆ పెడలు సంగతి తెలిసి కూడా ముందు సీట్లో కూర్చున్నాడు. తెలిసే మలుపులో బ్రేకు పట్టకుండా తాడు లాగాడు.

“అందుకే తీసేస్తున్నాను” అన్నారాయన చివరికి. “వచ్చేసారి ఇది ఉండదు. మాటిస్తున్నాను.”

“వద్దంటున్నాగా.” వాడి కనుబొమలు ముడిపడ్డాయి. “ఉండాలి. కాకపోతే వెనక రెండు చక్రాలకీ కలపాలి. ఒక్క చక్రానికి బ్రేకేంటి అసలు? డ్రైవింగ్ నేర్పేది మీరే కదా! మా క్లాసులో ఎవరినడిగినా చెప్తారు బండి తిరిగిపోతుందని.”

“అది... కంగారులో...”

“పెద్ద చక్రాలు వెనక పెట్టమన్నారు. అప్పుడు కూడా నాకు నచ్చలేదు. ముందే ఉండాల్సింది.”

“మరి అప్పుడే చెప్పాల్సింది.”

“ఇప్పుడు చెప్తున్నాగా.”

“సరే, చక్రాలు మారుద్దాం. కాని బ్రేకు ఒప్పుకోరు చిన్నా. బండికి ఒకటే ఉండాలన్నది డాక్టరుగారి రూలు.”

“డాక్టరన్నతో నేను మాట్లాడతాను. ఆ రూలు తప్పు.”

“రూలు మంచిదే. ఇది నా కాలి కింద ఉంటే నేను మళ్లీ తొక్కుతానేమో. నా కాలు నాకు తెలుసు. లేకపోతే గొడవే ఉండదు.”

వాడు తల అడ్డంగా ఊపాడు. ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. వేలితో పెడలు మీద తట్టాడు.

“ఇది లేకపోతే, మీరు తొక్కలేదని నాకెలా తెలుస్తుంది?”

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు, దాచుకోవడానికి అక్కడ నన్ను చూసేవాళ్లు ఎవరూ లేరు. పెరట్లో వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

“మరి వచ్చేసారి కూడా తొక్కేస్తే?” అని అడిగారాయన. మెల్లగా, నిజంగా తెలుసుకోవాలని అడిగారు.

వాడు ఆలోచించాడు. చెప్పే ముందు పానా ఆయన చేతిలోంచి తీసుకున్నాడు.

“అప్పుడు ఆ పైసారి చూద్దాం” అన్నాడు. “ఆ తీగ ఇటివ్వండి.”